టెస్ట్ పాసైంది, ఆర్డర్ మాత్రం పడలేదు: మీ ఆటోమేషన్ సెటప్‌పై ఫిర్యాదు

సర్వీస్ డెలివరీ మేనేజర్ గారికి,

విషయం: మా వెబ్ అప్లికేషన్‌కు మీ సంస్థ పెట్టిచ్చిన ఆటోమేటెడ్ టెస్టులు తప్పులను పట్టుకోలేకపోవడం.

నమస్కారం.

మా ఆర్డర్ల అప్లికేషన్‌కు ప్లేరైట్‌తో (బ్రౌజర్‌ను మనిషిలా నడిపి వెబ్ పేజీలను పరీక్షించే టూల్) టెస్టులు రాసి, వాటిని సీఐ పైప్‌లైన్‌లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థ) కలిపే పని మూడు నెలల క్రితం మీకు అప్పగించాం. మీరు 140 టెస్టులు ఇచ్చారు. డెమో రోజు అన్నీ పాసయ్యాయి, మేమూ సంతోషంగా సంతకం పెట్టాం. అంతకుముందు ప్రతి రిలీజ్‌కు ముందు మా వాళ్లు ఇద్దరు కూర్చుని అన్ని పేజీలూ చేత్తో చెక్ చేసేవారు. మీ టెస్టుల మీద నమ్మకంతో అది మానేశాం.

పోయిన గురువారం సాయంత్రం రిలీజ్‌లో ఒక తప్పు దొర్లింది. సేవ్ చేసిన అడ్రస్ లేనివాళ్లకు, అంటే కొత్తగా చేరిన కస్టమర్లందరికీ, ఆర్డర్ కన్ఫర్మ్ చేసే బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది. ఎంత నొక్కినా పనిచేయలేదు. ఆ తప్పు మా కోడ్‌ది, మీ మీద వేయడం లేదు. కానీ సరిగ్గా ఇలాంటిది పట్టుకోవడానికే కదా ‘కొత్త కస్టమర్ ఆర్డర్’ అనే టెస్ట్ రాశారు! ఆ సాయంత్రం అది పాసైంది. మర్నాడు పొద్దున సపోర్ట్ వాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చేదాకా మాకు సంగతే తెలియదు.

ఆ టెస్ట్ ఫైల్ తెరిచి ఒక్కో లైనూ చదివాను. బటన్ నొక్కే చోట ‘ఫోర్స్’ ఆప్షన్ ఆన్ చేసి ఉంది. మామూలుగా అయితే బటన్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా అని ప్లేరైట్ తనే చూసుకుంటుంది. అయ్యేదాకా ఆగి, అప్పుడే నొక్కుతుంది. ఫోర్స్ పెడితే ఈ చెకింగ్ జరగదు. మనిషి నొక్కలేని బటన్‌ను మీ టెస్ట్ నొక్కినట్టే లెక్కేసుకుని ముందుకు పోయింది. తర్వాతి లైన్‌లో పది సెకన్లు ఊరికే ఆగుతుంది. చివరి లైన్‌లో పేజీ బాడీ, అంటే పేజీలో కనిపించే మొత్తం భాగం, కనిపిస్తోందా అని చూస్తుంది. పేజీ తెరుచుకున్నాక బాడీ కనిపించకుండా ఎక్కడికి పోతుంది? ఆర్డర్ నంబర్ వచ్చిందా, కార్ట్ ఖాళీ అయిందా అని చూసే లైన్ ఒక్కటీ లేదు. నమ్మబుద్ధి కాక, నా కంప్యూటర్‌లో ఆ బటన్ వెనకున్న కోడ్ మొత్తం తీసేసి మళ్లీ నడిపాను. మళ్లీ పాస్! అప్పుడు నాకు నిజంగా భయమేసింది. మూడు నెలలుగా ఏ ధైర్యంతో రిలీజులు చేశామా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగతావీ చూశాను. 140లో 61 టెస్టులు ఇదే బాడీ చెక్‌తో ముగుస్తున్నాయి.

ఇంకో పెద్ద సమస్య రీట్రైలు, అంటే ఫెయిలైన టెస్ట్‌ను మళ్లీ నడపడం. ప్లేరైట్‌లో మనం అడిగితే తప్ప రీట్రై ఉండదు, మీరు మూడు పెట్టారు. ఎందుకా అని చూస్తే, టెస్టులన్నీ ఒకే లాగిన్ వాడుతున్నాయి. అవి ఒకేసారి నడిచినప్పుడు ఒకటి కార్ట్‌లో వేసింది ఇంకొకటి తీసేస్తోంది. టెస్ట్‌కో అకౌంట్ ఇవ్వాల్సింది పోయి రీట్రైలతో సరిపెట్టారు. ప్రొఫైల్ టెస్ట్ అయితే ప్రతిసారీ మొదట ఫెయిలవుతుంది. ఆ రన్ డేటాబేస్‌లో వదిలేసిన రికార్డు పుణ్యమా అని రెండోసారి పాసవుతుంది. రిపోర్ట్‌లో దాన్ని ‘ఫ్లేకీ’ (ఒకసారి ఫెయిలై, మళ్లీ నడిపితే పాసైనది) అని చూపిస్తున్నా పైప్‌లైన్ ఆగదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. మేమూ ముందే చూసుకోవాల్సింది, ఆ మాట ఒప్పుకుంటాను.

ఇవన్నీ రాసి మీ సపోర్ట్‌కు పంపితే, టైమౌట్ (టెస్ట్ ఎంతసేపు ఆగి చూడాలనే గడువు) పెంచుకోమని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ జవాబు చూసి చాలా బాధ కలిగింది. పంపింది చదివి ఉంటే అలా రాసేవారు కాదు.

ఈ టెస్టులు రాసినవారు కాకుండా మీ సీనియర్ ఇంజినీర్ ఒకరు మాతో కూర్చుని మొత్తం సరిచేయాలి. ఫోర్స్‌లు, ఊరికే ఆగే లైన్లు తీసేయాలి. ప్రతి టెస్ట్ తన డేటా తనే తయారు చేసుకోవాలి, చివర కస్టమర్‌కు కనిపించే ఫలితాన్నే చూడాలి. రీట్రైలు సున్నాకు రావాలి. మొదటిసారి ఫెయిలైనప్పుడే ట్రేస్ (టెస్ట్ అడుగడుగునా ఏం చేసిందో చూపే రికార్డు) సేవ్ కావాలి. ఈసారి డెమో చూసి సంతకం పెట్టం. అప్లికేషన్‌ను మేమే పది చోట్ల కావాలని పాడుచేస్తాం, పది చోట్లా టెస్టులు ఫెయిల్ కావాలి.

రెండు వారాల్లో పని మొదలుపెట్టలేకపోతే మేం కట్టిన సెటప్ ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వండి. ఆ టెస్ట్ ఫైల్, బటన్ కోడ్ తీసేశాక కూడా పాసైన రన్ ట్రేస్, మీ సపోర్ట్ జవాబు ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
వెబ్ అప్లికేషన్ టీమ్ లీడ్