పురుటికి వచ్చే ముందు

తిరుపతి, బైరాగిపట్టెడ

చిరంజీవి సౌభాగ్యవతి లావణ్యకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మా, నిన్ను పురుటికి తీసుకురావడానికి మీ అమ్మ ఇప్పటినుంచే రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ లోపల నువ్వు మీ డాక్టరమ్మతో మాట్లాడి, రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష ఒకటి చేయించుకోవాలి. ఎందుకో రాస్తున్నాను, కంగారుపడకుండా చదువు.

నీకు నాలుగేళ్లప్పుడు మన ముందుగదిని బ్యాటరీలు బాగుచేసే ఒకాయనకు అద్దెకిచ్చాము. ఆయన పాత బ్యాటరీలను పగలగొట్టి, లోపలి పలకలు తీసి, వాకిట్లోనే మూకుడు పెట్టి సీసం కరిగించేవాడు. బూడిదరంగు పొడి అరుగంతా పేరుకునేది. నువ్వు ఆ అరుగు మీదే గచ్చకాయలు ఆడి, చెయ్యి కడుక్కోకుండానే మురుకులు తినేదానివి. నెలనెలా అద్దె లెక్కపెట్టుకున్నానే గానీ, ఆ పొడి ఏమిటని మూడేళ్లలో ఒక్కనాడూ అడగలేదు. ఆ తప్పు నాదే.

సీసం ఒంట్లో చేరితే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. రక్తంలోని సీసం నెల రోజుల్లో సగానికి తగ్గిపోయినా, ఎముకల్లోకి దిగినది పదుల ఏళ్లు అక్కడే ఉంటుంది. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు తల్లి ఎముకల నుంచి కాల్షియంతోపాటు ఆ పాత సీసం కూడా కదిలి రక్తంలోకి వస్తుంది, బిడ్డకు ఆహారం అందించే మాయ దాన్ని అడ్డుకోలేదు. దానివల్ల నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, పెరిగాక తెలివికీ ఏకాగ్రతకూ దెబ్బ తగలడం జరగవచ్చు. ఇంతవరకైతే ప్రమాదం లేదని చెప్పగలిగే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తంలో డెసిలీటరుకు (అంటే వంద మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో సూచించింది. కాల్షియం, ఇనుము తక్కువైన ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది కాబట్టి, డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు మానకు, రాగి సంగటి వద్దనకు.

ఇక్కడ మేము చేస్తున్నది కూడా చెబుతాను. నువ్వు వస్తున్నావని తలుపులకు రంగు వేయించబోతే, పెయింటరు ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ కింద పసుపు, దాని కింద ఎర్రటి పూత బయటపడి, పొడి అతని మోచేతిదాకా అంటుకుంది. వెంటనే ఆపించాను. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాలకు 90 భాగాలు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోగానీ అమలులోకి రాలేదు; మన తలుపులు అంతకు చాలా ముందువి. రాలిన పొడిని చీపురుతో ఊడిస్తే గాలిలోకి లేస్తుందని తడిగుడ్డతో తుడిపించి, గట్టిగా ఉన్న పాత రంగును గీకకుండా దానిమీదే కొత్త పూత వేయించాను.

అవ్వ వేలూరు నుంచి తెచ్చుకున్న ఈయం చెంబులో చారు కాచడం కూడా మానేశాము. అసలైన ఈయం అంటే తగరమే, దానితో భయం లేదు; కానీ ఆ చెంబును తెల్లకాగితం మీద గీస్తే పెన్సిలు గీత లాంటి మరక పడింది. సీసం కలిసిందేమోనని అనుమానం వచ్చింది. చింతపండు పులుపు సీసాన్ని చారులోకి లాగుతుంది. అవ్వ కాసేపు బాధపడి, తానే చెంబును అటక మీద పెట్టించింది. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేటు అనే సీసం ఉన్న రంగుపొడి కలిపేవాళ్లు ఉన్నారని, కొమ్ములు కొని మిల్లులో పట్టిస్తున్నాము.

రిపోర్టు రాగానే నాకు పంపించు, అంకె ఎంత ఉన్నా దాచవద్దు. నీ తమ్ముడు పాకడం నేర్చుకున్నదీ ఆ అరుగు మీదే, వాడికీ ఇదే ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
నాన్న