ప్యాకెట్ మీద మిల్లీగ్రాములు కూడా రాయించండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

ప్యాకెట్ ఆహారంలో కలిపే రంగులు, నిల్వ పదార్థాలు, కృత్రిమ తీపి పదార్థాల గురించి ఎవరు ఆందోళన పడినా ప్రభుత్వాలు చెప్పే సమాధానం ఒక్కటే: అనుమతించిన పరిమితిలో ఉంటే భయం లేదు. ఆ మాట తప్పని నేను అనను. అయితే ఆ పరిమితి ఎంతో, తన బిడ్డ దాన్ని దాటుతోందో లేదో తెలుసుకునే దారి ఏ తల్లికీ లేదు. నేనూ ఒక తల్లినే, రసాయన శాస్త్రం చదువుకున్నదాన్నే. లేబుల్ మీదున్న పేర్లన్నీ గుర్తుపట్టగలను కానీ లెక్క మాత్రం కట్టలేను. ఎందుకంటే లెక్కకు కావలసిన అంకె అక్కడ ఉండదు.

పరిమితి ఎలా పెడతారో మీకు తెలుసు. ఈ లేఖ చదివే మిగతావారి కోసం చెబుతాను. జంతువులపై పరీక్షలు జరిపి, హాని కనిపించని మోతాదును గుర్తించి, సాధారణంగా దాన్ని నూరుతో భాగిస్తారు. జీవితాంతం రోజూ తిన్నా ఇబ్బంది ఉండదని భావించే మోతాదు అలా వస్తుంది. దాన్ని శరీర బరువులో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. కాబట్టి తండ్రికి పరిమితిలోనే ఉన్న పదార్థం పక్కనే కూర్చున్న బిడ్డకు పరిమితి దాటిపోవచ్చు.

ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం సంగతే చూడండి. 2023 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 'మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న' పదార్థాల జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని కూడా చెప్పింది. అదే సమయంలో ఆహార సంకలితాలను, అంటే ఆహారంలో కలిపే ఇలాంటి పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం కిలోకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని మార్చనవసరం లేదంది. డబ్బా పానీయంలో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటడానికి రోజుకు 9 నుంచి 14 డబ్బాలకు మించి తాగాలని వివరణ ఇచ్చారు. పెద్దవాళ్లకు అది ఊరటే. 15 కిలోల పిల్లవాడికి అదే లెక్క వేస్తే 600 మిల్లీగ్రాములు, అంటే రెండు మూడు డబ్బాలు. ఆ రోజు ఆ పిల్లవాడు నమిలే చూయింగ్ గమ్‌లోనూ, తినే 'చక్కెర లేని' మిఠాయిలోనూ అదే పదార్థం ఉండవచ్చు.

నైట్రైట్లనే నిల్వ పదార్థాల విషయంలో ఆ వెసులుబాటు ఇంకా తక్కువ. నిల్వ మాంసంలో వాటిని ఊరికే కలపరు. బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధికి కారణమయ్యే బ్యాక్టీరియాను అవి అడ్డుకుంటాయి. ఆ మేలును కాదనడం అన్యాయం. కానీ ఐరోపా ఆహార భద్రతా సంస్థ వాటికి పెట్టిన పరిమితి శరీర బరువులో కిలోకు 0.07 మిల్లీగ్రాములు. 15 కిలోల బిడ్డకు రోజంతటికీ ఒక మిల్లీగ్రాము మాత్రమే. అలాంటి ఆహారం ఎక్కువగా తినే పిల్లలు ఈ పరిమితిని కొద్దిగా దాటుతున్నారని 2017లో ఆ సంస్థే అంచనా వేసింది. పరిమితిలో ఉంటే భయం లేదన్నవారు, దాటిన పిల్లలకు ఏం చెబుతారు?

మంత్రి గారూ, ఉప్పు, చక్కెర, కొవ్వు ఎన్ని గ్రాములున్నాయో ప్యాకెట్ మీద అచ్చు వేస్తున్నారు. సంకలితాలకు వచ్చేసరికి ఒక పేరో, ఒక సంఖ్యో మిగులుతుంది. 'ఇ-250' అని చదివి అది సోడియం నైట్రైట్ అని ఎంతమంది పోల్చుకోగలరు? అదే వరుసలో 'ఇ-300' కూడా ఉంటుంది, అది విటమిన్ సి. రెండూ ఒకేలా కనిపిస్తే కొందరు అన్నిటికీ భయపడతారు, ఎక్కువమంది దేన్నీ పట్టించుకోరు. జనాన్ని అనవసరంగా భయపెట్టకూడదని మీ అధికారులు అనవచ్చు. సగం సమాచారమే ఎక్కువ భయపెడుతుంది.

ఇంకో లోపం ఇంతకంటే లోతైనది. పరిమితులు ఎక్కువగా ఒక్కొక్క పదార్థాన్ని విడిగా పరీక్షించి పెట్టినవి, మనం తినేదేమో అన్నీ కలిపి. సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థానికి అనుమతి ఉంది, విటమిన్ సికీ ఉంది. రెండూ ఒకే పానీయంలో చేరి, ఎండకో వేడికో గురైతే కొద్ది మోతాదులో బెంజీన్ పుడుతుంది. బెంజీన్ క్యాన్సర్ కారకమన్న విషయంలో సందేహమే లేదు. 2007లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు కృత్రిమ రంగులతో చేసిన మిశ్రమాలను సోడియం బెంజోయేట్‌తో కలిపి మూడేళ్ల పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు ఇచ్చి చూశారు. చంచలత్వం కొంత పెరిగింది. ప్రభావం చిన్నదే, పిల్లలందరిలో ఒకేలా లేదు కూడా. అయినా 2010 నుంచి ఐరోపా సమాఖ్యలో ఆ ఆరు రంగులు వాడిన ఆహారంపై 'పిల్లల చురుకుదనం, ఏకాగ్రతపై ప్రతికూల ప్రభావం ఉండవచ్చు' అని రాయడం తప్పనిసరి అయింది. ఆ మాట అచ్చు వేయడం ఇష్టంలేక చాలా కంపెనీలు రంగులే మార్చేశాయి. ఒక్క వాక్యం చేసిన పని అది!

సందేహం తేలేవరకు ఆగుదామనే వాదన నాకు మింగుడుపడదు. ఎరిత్రోసిన్ అనే ఎర్ర రంగు మగ ఎలుకల్లో థైరాయిడ్ కణుతులు కలిగించిందని అమెరికా 1990లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది. ఆహారంలో అనుమతి రద్దు చేసింది మాత్రం 2025 జనవరిలో. ఎలుకల్లో జరిగినట్టు మనుషుల్లో జరగదని అధికారులు అప్పుడు కూడా చెప్పారు. నిజమే కావచ్చు. కానీ పెదవులకు పూసుకోవడానికి పనికిరానిది 35 ఏళ్లపాటు పిల్లల మిఠాయిలో ఎందుకు ఉండాలి? అది రుచినివ్వదు, నిల్వను పెంచదు. తెల్లదనం కోసం వాడే టైటానియం డయాక్సైడ్‌దీ అదే కథ. జన్యుపదార్థానికి హాని చేయదని కచ్చితంగా చెప్పలేమని 2021లో ఐరోపా నిపుణులు తేల్చగా, మరుసటి ఏడాదే అక్కడ ఆహారంలో నిషేధించారు. కంటికి ఇంపు తప్ప మరే ప్రయోజనం లేని పదార్థం విషయంలో సందేహపు లాభం తినేవాళ్లకే దక్కాలి.

అంకెలు బయటపెడితే తయారీ రహస్యాలు పోతాయని కంపెనీలు వాదిస్తాయి. ఎంత కలుపుతున్నారో వాళ్లకు తెలుసు, తెలియకపోతే చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితిని పాటించడం అసాధ్యం. తెలిసిన అంకెను అచ్చు వేయమంటున్నాను, అంతే. జాగా చాలదంటే, రోజువారీ పరిమితి ఉన్న సంకలితాలకే ముందుగా రాయండి.

నా విన్నపం ఇది. పిల్లల కోసం అమ్మే ఆహారంతో మొదలుపెట్టండి. అందులోని ప్రతి రంగు, నిల్వ పదార్థం, తీపి పదార్థం పేరును అర్థమయ్యే భాషలో, ఒక వడ్డనలో ఎన్ని మిల్లీగ్రాములుందో దాని పక్కనే రాయించండి. 15 కిలోల బిడ్డకు రోజువారీ పరిమితిలో అది ఎన్నో వంతో కూడా ఉండాలి. రంగు కోసమే వాడే పదార్థాలను కొత్త ఆధారాలతో, కలిసి తిన్నప్పటి ప్రభావంతో సహా, గడువు పెట్టి పునఃపరిశీలించండి. ఆ పని చేసే నిపుణుల సంఘంలో కంపెనీల నుంచి డబ్బు తీసుకునేవారు ఉండకూడదు.

మీ శాఖ ఈ పని చేస్తుందో లేదో, చేస్తే ఏ తేదీకల్లా చేస్తుందో బహిరంగంగా ప్రకటించమని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తల్లి