వార్షిక నివేదిక: ఈ ఏడాది బ్యూరెట్ పిల్లల చేతికిచ్చాం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన సైన్స్ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే. నెలవారీ సమావేశాలు, బడుల్లో ప్రదర్శనలు ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు శ్రీకాకుళంలో జరిపిన టైట్రేషన్ శిబిరం గురించి. టైట్రేషన్ అంటే, గాఢత తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ మరో ద్రావణం గాఢతను కనుక్కోవడం.

పదో తరగతి పిల్లలు ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం చదువుతారు, మార్కులూ తెచ్చుకుంటారు. ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం, బ్యూరెట్‌ని మాత్రం ఇంటర్‌కి వెళ్లేదాకా చాలామంది ముట్టుకోరు. అందుకే ఈసారి మనం చేసి చూపించడం కాదు, వాళ్లే చెయ్యాలని కార్యవర్గం పట్టుబట్టింది.

ముందు మందారపూల రసం. నిమ్మరసం కలిపితే ఎర్రబడింది, సున్నపుతేట కలిపితే ఆకుపచ్చగా మారింది. తర్వాత అసలు పని. కొట్లో కొన్న వెనిగర్‌ని పది రెట్లు పలచన చేసి, అందులో 10 మిల్లీలీటర్లు ఫ్లాస్కులోకి తీసుకుని, క్షారంలో గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ అనే సూచిక రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ (లీటరుకు సుమారు 4 గ్రాములు) సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం వదిలారు. సీసా మీద 4 శాతం ఎసిటిక్ ఆమ్లం అని ఉంటే సుమారు 6.7 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు వచ్చి నిలవాలి. మొదటిసారి చాలామందికి రంగు ముదిరిపోయింది. ఆ తర్వాత చుక్క చుక్కగా వదలడం పట్టుబడింది. రెండు రీడింగులు 0.1 మిల్లీలీటరు తేడాలోపు కలిసేదాకా ఎవరూ బల్ల వదల్లేదు.

మరో సూచిక మిథైల్ ఆరెంజ్ ఎందుకు వాడకూడదని ఒక అమ్మాయి అడిగింది. వెనిగర్‌లోది బలహీన ఆమ్లం, మనం వదిలేది బలమైన క్షారం. రెండూ సరిసమానమయ్యే చోట పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 అంటే తటస్థం) 7 కాదు, 8 దాటుతుంది. మిథైల్ ఆరెంజ్ పీహెచ్ 4.4కే పసుపైపోతుంది, అక్కడ ఆపితే లెక్క తక్కువొస్తుంది. ఇలాంటి ప్రశ్న కోసమే కదా ఈ శిబిరం పెట్టింది!

సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి తూచి కలిపితే చాలదు. ముందురోజు సాయంత్రం కూర్చుని ఆక్జాలిక్ ఆమ్లంతో దాని గాఢత తేల్చి ఇచ్చిన రిటైర్డ్ లెక్చరర్ గారికి మనమంతా రుణపడి ఉన్నాం. హాలు ఉచితంగా ఇచ్చినవారికి, పులిహోర, మజ్జిగ పంపిన మహిళా సభ్యులకు, సాయంత్రం గాజుసామాను కడిగి సర్దిన డిగ్రీ విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఒక మాట బాధతోనే చెప్పాలి. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగంమంది రాలేదు, ఫోనూ ఎత్తలేదు. క్షారంతో పని చేసే పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఉండి తీరాలి. కళ్లజోడు పెట్టుకున్నారా, ద్రవాన్ని కొలిచి తీసే పిపెట్‌కి రబ్బరు బల్బు వాడకుండా నోటితో పీలుస్తున్నారా చూసుకోవాలి. వచ్చినవాళ్లే రెండేసి బల్లలు చూశారు, ఆ టెన్షన్ వాళ్లకే తెలుసు. వస్తానన్న అధికారీ రాలేదు. బడుల్లో ల్యాబ్ సామాను గురించి రాసిన అర్జీ మన దగ్గరే ఉండిపోయింది.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి, కోశాధికారి చదువుతారు. చందాలు సామానుకీ రసాయనాలకీ సరిపోయాయి.

వచ్చే ఏడాది పొలాల మట్టి పీహెచ్ చూడాలని అనుకుంటున్నాం. తప్పకుండా రాగలిగినవారే ఈ సమావేశంలో పేర్లివ్వండి. బ్యూరెట్ స్టాండులు ఇంటికి పట్టుకెళ్లినవారు ఈ నెలాఖరులోగా తెచ్చి ఇవ్వాలని మనవి.

కార్యదర్శి