అవార్డుల లిస్టు కాదు, ఇంట్లో విన్న కథలు అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో నవలా రచయితల పరిచయాలు వేస్తున్నారు, చాలా సంతోషం. కానీ అన్నింట్లో చదువు, ఉద్యోగం, అవార్డులు, అంతే. ఆ మనిషి ఎట్లాంటి ఇంట్లో పెరిగాడు, ఆ ఇంట్లో పెద్దోళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లు అనేది ఒక్క లైన్ కూడా ఉండదు. కులం అడగమనట్లేదు సార్, అది మనోళ్లు ఎట్లాగూ కనుక్కుంటారు.

నవలా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ని తీసుకోండి. 1927లో కొలంబియాలో అరకటాక అనే ఊర్లో పుట్టి చిన్నప్పుడు అమ్మమ్మ, తాతల దగ్గరే పెరిగాడు. ఆ తాత కల్నల్, 1908లో తన కింద యుద్ధం చేసిన మనిషినే కాల్చి చంపాడు, దాంతో సంసారాన్ని తీసుకుని ఊరు వదలాల్సొచ్చింది. చచ్చిన మనిషి ఎంత బరువో నీకు తెలీదురా అని మనవడితో అనేవాడు. 1967లో వచ్చిన మార్క్వెజ్ నవల వందేళ్ల ఏకాంతంలో కోడిపందెం దగ్గర మాటామాటా పెరిగి ఒకన్ని ఈటె విసిరి చంపుతారు, ఆ చచ్చినోడు రాత్రిళ్లు గాయం కడుక్కోను నీళ్లకోసం ఇంట్లో తిరుగుతుంటే చంపినోని పెండ్లాం చూసి జాలిపడి ఇల్లంతా నీళ్ల కుండలు పెడుతుంది, చివరికి ఆ ఊరే వదిలిపోతారు. తుపాకీ ఈటె అయింది, తాత బంగారంతో చేసిన చిన్న చిన్న చేపలు ఇంకో పాత్ర చేతికి పోయినాయి. ఉన్నది ఉన్నట్టు దించలేదు, అయినా ఆ బరువు మాత్రం తాతదే.

మా కడప జిల్లాలో ఇది ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పొద్దుగూకినాక ఎవరన్నా తలుపు కొడితే మా అవ్వ గొంతు గుర్తుపట్టేదాకా గడియ తీసేది కాదు, అన్నం తింటున్న నా చేయి పట్టుకుని కదలొద్దని సైగ చేసేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. ఫ్యాక్షన్ అంటే సినిమాలోళ్లు సుమోలు, బాంబులు చూపించినారు, చంపినోళ్ల ఇంట్లో, చచ్చినోళ్ల ఇంట్లో ఆ తర్వాత ముప్పై నలభై ఏండ్లు ఏం జరిగిందో వాళ్లకేం తెలుసు? తెలిసింది ఆ ఇండ్లల్లో పుట్టిన మనవళ్లకు, మనవరాళ్లకు, వాళ్లేమో బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటా ఆ మాటే ఎత్తరు, ఇంట్లో కూడా ఎత్తనీరు.

రాసినోళ్లు లేరని కాదు. కేతు విశ్వనాథరెడ్డి గారు 1939లో రంగసాయిపురంలో పుట్టి, ఈ జిల్లా ఊర్ల పేర్ల మీదే పరిశోధన చేశారు, ఆయన కథల్లో కరువు మన కరువే. 1996లో సాహిత్య అకాడమీ వచ్చిందని అందరూ రాస్తారు, ఆయన చిన్నప్పుడు ఇంట్లో ఏం విన్నాడో మాత్రం ఎవరూ రాయరు, ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు.

ఉన్నోళ్లనన్నా అడగండి సార్. మీ తాత ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చాడు, మీ ఇంట్లో ఏ విషయం మాట్లాడొద్దనేవాళ్లు, ఈ రెండు ప్రశ్నలు చాలు. పేర్లు వద్దంటే తీసేసి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా