నువ్వు పాతిన కొబ్బరి మొక్క కాసింది

ఒరేయ్ రవీ,

ఎలా ఉన్నావురా? అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా ఆగడం నా వల్ల కాదు. నువ్వు పాతిన కొబ్బరి మొక్క కాసింది. బావి పక్కన, పడమటి గట్టుకి దగ్గరగా, పెద్దమ్మ చెప్పినట్టు గోతిలో ఇసుకా ఉప్పూ వేసి పాతావు చూడు, అదే.

నిన్న పొద్దున్నే వెళ్ళి చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాను. చెయ్యెత్తితే గెల అందుతోంది. పెద్ద గెలలో పదకొండు కాయలు లెక్కపెట్టాను. దాని పై గెలలో ఉసిరికాయంత పిందెలు. ఇంకా పైన, మట్ట సందులోంచి పొత్తు అప్పుడే పగిలి లేత పసుపు పూత బయటికొచ్చింది. దాని మీద తేనెటీగలు ఎంతగా ముసిరాయంటే ఆ రొద గట్టు దాకా వినబడుతోంది. అది గోదావరి గంగ రకం అట, అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళ హైబ్రిడ్. నాలుగేళ్ళకే కాపుకొస్తుందని పెదనాన్న అన్నాడు. పక్కనే అదే నెలలో పాతిన దేశవాళీ మొక్కలు ఇంకా ఆకులేసుకుంటూనే ఉన్నాయి.

పెద్దమ్మ అయితే నేను ఆటో దిగగానే అడిగింది: "ఏటిరా, ఆ గుంటడు రాలేదేటి? ఆడి సెట్టు కాసిందని సెప్పు." నువ్వొచ్చేదాకా ఆ గెల ఎవరూ కొయ్యకూడదని అందరికీ చెప్పి పెట్టింది.

నీకు గుర్తుందా, 2019 వానాకాలంలో మనం వచ్చినప్పుడు ఈ తోట ఎలా ఉండేదో? తిత్లీ తుపాను వచ్చి తొమ్మిది నెలలైనా కూలిన మానులు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. నిలబడ్డవాటికి తలలు లేవు. "కొడుకు పోతే మనవడున్నాడనుకుంటాం, చెట్టు పోతే ఇంకో పదేళ్ళు నేనుండాలి కదరా" అని పెదనాన్న అన్నప్పుడు నువ్వు ఏమీ మాట్లాడకుండా పార పట్టుకుని లేచావు. ఆ రోజు మనం పాతినవి ఇరవై రెండు మొక్కలు. పద్దెనిమిది బతికాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు కదా, ఉద్దానం అంటే ఉద్యానమే అని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పేవారు. ఈ నెలలో చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. వానలు తగ్గాయి, నేల మాత్రం ఇంకా తడిగానే ఉంది. జీడితోటల్లో కొత్త చిగుళ్ళు వచ్చాయి, రాగి రంగులో, ఎండ పడితే అద్దాల్లా మెరుస్తున్నాయి. కొబ్బరి కింద జీడి, దాని పక్కన పనస, ఆ నీడలో కంద. ఎవరో కూర్చుని గీసినట్టు ఒకదాని కింద ఒకటి. కొన్ని కొబ్బరిచెట్ల మట్టలు మాత్రం నల్లబారి ఉన్నాయి. తెల్లదోమ పట్టిందట, అది కార్చే జిగురు మీద మసిలాంటి బూజు పడుతుంది. పెదనాన్న రోజూ తలెత్తి అదే చూసుకుంటున్నాడు.

ఇక్కడి శరదృతువులో ఇంకో సంగతుంది, అది ఇక్కడ ఉంటేనే తెలుస్తుంది. ఫైలిన్ వచ్చింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న. తిత్లీ 2018 అక్టోబర్ 11న, ఈ పలాస దగ్గరే తెల్లవారుజామున తీరం దాటింది. పంట పొట్టకొచ్చి, ఆకాశం కడిగినట్టుండే నెలలోనే తుపాను కూడా వస్తుంది. అందుకే దసరా దగ్గర పడితే ఇక్కడివాళ్ళ కళ్ళన్నీ తూర్పు వైపే. మొన్న 2024 అక్టోబర్ చివర్లో దానా తుపాను అనగానే పెద్దమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదట. అది ఒడిశాలో పైకి పోయి ధామ్రా దగ్గర దాటింది. ఇక్కడ ఏమీ కాలేదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చాకే ఆవిడ గుండె కుదుటపడిందట. మనం హైదరాబాదులో కూర్చుని చల్లగాలి వచ్చిందని సంతోషిస్తాం, వీళ్ళకి అదే గాలి ఒక వైపు తిరిగితే టెన్షన్. ఆ భయం దాటాక చూసే పచ్చదనం కనకే అంత అందంగా ఉంటుందేమో.

వరి చేలు అయితే ఇప్పుడే చూడాలిరా. ఎక్కువగా స్వర్ణ రకమే. వెన్ను వంగింది, గింజ గట్టిపడుతోంది, మొదలు దగ్గర ఆకు ఇంకా ఆకుపచ్చ, పైన పసుపు. పొద్దున మంచు పట్టి ఉన్నప్పుడు గట్టు మీద నడిస్తే పంచె మోకాళ్ళ దాకా తడిసిపోతుంది. ఒక వెన్ను తెంపి గింజ నొక్కి చూశాను. పాలు లేవు, తెల్లటి పిండి ముద్ద. ఇంకో రెండు మూడు వారాల్లో కోత. కోతకి ముందే నిలబడి ఉన్న చేలో మినుములు, పెసలు చల్లేస్తారు, ఆ తడికే మొలుస్తాయి. వరి తీసేసరికి కింద చిన్న మొక్కలు తయారుగా ఉంటాయి. వీళ్ళు నేలకి ఒక్క పూట కూడా సెలవివ్వరు.

సోంపేట బీల, అదే ఆ చిత్తడి నేల, అది కూడా చూసొచ్చాం. నిండుగా ఉంది, కలువలు, నీటికోళ్ళు, మోకాలి లోతు నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళు. ఈ నీళ్ళు పోకూడదనే 2010లో జనం థర్మల్ ప్లాంటు వద్దన్నారు. జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఈ రోజు ఆ నీళ్ళని చూస్తుంటే వాళ్ళు దేనికోసం నిలబడ్డారో కళ్ళ ముందే ఉంది. నేను గట్టు మీద కూర్చుని మా అమ్మాయికి ఆ కథ మొత్తం చెప్పాను. అది మాట్లాడకుండా విన్నది.

ఇంక తేలినీలాపురం గురించి. టెక్కలి వైపు, నౌపడకి దగ్గర. పొద్దున ఎనిమిదింటికి చేరాం. ఊళ్ళోకి వెళ్ళక ముందే చప్పుడు వినిపించింది, రెండు చెక్కముక్కలు టకటకా కొట్టుకుంటున్నట్టు. అవి ఎర్రకాళ్ళ కొంగలు. పెద్దవాటికి గొంతు పెగలదు, ముక్కులు కొట్టుకునే మాట్లాడుకుంటాయి. వాటితో పాటు గూడబాతులు. ఊళ్ళో ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు. సెప్టెంబర్‌లో రావడం మొదలై, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయి.

ఒక కొంగని దగ్గర్నుంచి చూశాను. పక్క చెట్టు మీద పచ్చి కొమ్మ ఒకటి ముక్కుతో పట్టుకుని మెలితిప్పుతోంది. అది తెగదు. వదలదు. రెక్కలు విప్పి, బరువంతా వెనక్కి వేసి లాగింది. తెగింది. ఆకులతో సహా ఎగురుకుంటూ వచ్చి గూట్లో ఉన్న దాని ముందు పెట్టింది. ఆ రెండోది కొమ్మని తీసుకుని ఒక చోట గుచ్చింది, నచ్చలేదు, తీసి ఇంకో చోట గుచ్చింది. మొదటిది అప్పటిదాకా తల వంచుకుని నిలబడి, మళ్ళీ కొమ్మ కోసం ఎగిరిపోయింది. రెక్క చివర గులాబీరంగు ఈకలు ఎండలో ఎంత ముద్దుగా ఉన్నాయో! మేం గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

అరుగు మీద కూర్చున్న ఒక తాత ఇవి సైబీరియా నుంచి వస్తాయని చెప్పాడు. ఊళ్ళో అందరూ అదే అంటారు. నిజానికి ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే, నీళ్ళూ చేపలూ ఉన్న చోటు వెతుక్కుంటూ మన దేశంలోనే తిరుగుతాయి. కానీ ఆయన తర్వాత అన్న మాట నా మనసులో ఉండిపోయింది: "పురిటికొచ్చిన ఆడపిల్లలు బాబూ. ఆళ్ళు రాకపోతే ఊరికి మంచిది కాదు." దీపావళికి పిల్లలు ఆ చెట్ల దగ్గర టపాకాయలు కాల్చరట. చెట్టు కింద వాకిలంతా రెట్టలే, ఆ ఇల్లాలు రోజూ కడుక్కుంటుంది, ఒక్క మాట విసుక్కోలేదు.

తిరిగి వస్తూ నౌపడ ఉప్పు మడులు చూశాం. ఇప్పుడు ఉప్పు ఉండదు, మడుల్లో వాననీళ్ళు నిలిచి ఆకాశం అందులోనే ఉంది. మనుషులు గట్లు సరిచేసుకుంటున్నారు.

బారువకి మాత్రం రెండుసార్లు వెళ్ళాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట ఇసుక మీద నిలబడితే, ముందు సముద్రం, వెనక్కి తిరిగితే మహేంద్రగిరి. 1501 మీటర్ల కొండ. వానలు కడిగిన గాలిలో దాని మడతలు కూడా కనబడుతున్నాయి. ఒడ్డున పెద్దవల లాగుతున్నారు, ఇటు పదిహేను మంది, అటు పదిహేను మంది. మా అమ్మాయి కూడా వెళ్ళి తాడు పట్టుకుంది. వలలో అన్నీ నెత్తళ్ళే, కుప్ప పోస్తే వెండి పోసినట్టు. ఒక అక్క మా అమ్మాయి కొంగులో, అంటే దాని చున్నీలో, రెండు గుప్పెళ్ళు పోసి పంపింది, డబ్బులిస్తే తీసుకోలేదు. రాత్రి పెద్దమ్మ వాటిని చింతపండు, పచ్చిమిర్చి, కొబ్బరి ముద్దతో వండింది.

అన్నీ బాగున్నాయని రాయలేను. నీకు తెలిసిన ఎదురింటి మావయ్య వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. ఈ ఉద్దానం ఊళ్ళల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్ళు వస్తున్నాయి, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది. మావయ్య నిన్ను అడిగాడు. నీతో పేకాట బాకీ ఉందట. ఒకసారి ఫోన్ చెయ్యరా, తప్పకుండా.

పౌర్ణమి ఇంకో మూడు రోజులు. రోజూ తెల్లారకముందే పెద్దమ్మ చెరువులో అరటిదొప్పలో దీపం వదులుతోంది. నువ్వు సంక్రాంతికి వస్తానని మాట ఇవ్వకు, అప్పటికి చేలు ఖాళీ అయిపోతాయి. వచ్చే ఏడు కార్తీకంలో రా. సోంపేట స్టేషన్ టికెట్ తీసుకో, అది ఉండేది కంచిలిలో, నేను అక్కడికి వచ్చి నిలబడతాను.

తేగల పాతర ఇవాళే తవ్వారు. మా అమ్మాయి మొదటిసారి బుర్రగుంజు తిన్నది, తాటిటెంక పగలగొట్టి తీసిన ఆ తెల్లటి తియ్యటి గుంజు. ఇంకోటి కావాలని పెదనాన్న వెనకాలే తిరుగుతోంది. నీకు ఒక కట్ట తేగలు, పలాసలో కొన్న అరకిలో జీడిపప్పు పార్సిల్ చేస్తున్నాను. తేగలు పచ్చివే పంపుతున్నాను, అందిన రోజే ఉడకబెట్టుకో. ఆలస్యం చేస్తే పీచు ముదిరిపోతుంది.

నీ
శీను