కెమెరాలు వచ్చినా తరగతి తరగతిలాగే సాగాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

కొద్ది రోజులుగా బడి గేటు దగ్గర మైకులు పట్టుకున్నవాళ్లు కనిపిస్తున్నారు. పరాయి దేశంలో మన బడిలా చిన్నపిల్లలకు రెండు భాషల్లో చదువు చెప్పడం మంచిదా కాదా అని పేపర్లలోనూ టీవీల్లోనూ చర్చ నడుస్తోంది. మీరు అడుగుతున్నవి ముఖ్యంగా రెండు: ఈ సందడిలో పిల్లల చదువు దెబ్బతింటుందా, మా పిల్లల ముఖాలు బయటికి వెళతాయా. వరసగా చెబుతాను.

కిండర్‌గార్టెన్‌లో గానీ ఒకటో తరగతిలో గానీ టైంటేబుల్ మారలేదు. పొద్దున తెలుగు, మధ్యాహ్నం ఇంగ్లీషు; ఒక్కో భాషకు ఒక్కో టీచరు. ఒకే వాక్యాన్ని వెంటవెంటనే రెండు భాషల్లో చెప్పడం మా తరగతుల్లో ఉండదు. అలా చెబితే పిల్లలు తమకు తేలికైన భాష వచ్చేదాకా చెవి పెట్టరు, రెండోది ఎన్నాళ్లయినా వంటబట్టదు. పొద్దున తెలుగులో విత్తనం ఎలా మొలకెత్తిందో చూసి మాట్లాడుకుంటే, మధ్యాహ్నం ఇంగ్లీషులో ఆ మొలక ఎత్తు కొలిచి రాసుకుంటారు. పాఠం ముందుకు నడుస్తుంది, చెప్పిందే మళ్లీ చెప్పడం కాదు.

ఇదంతా కెమెరాకు చిక్కదు. గంటసేపు తీసినదాంట్లోంచి టీవీలో వచ్చేది ఒక నిమిషం. ఆ నిమిషంలో నోరు విప్పని పిల్ల కనిపిస్తే ‘ఏమీ నేర్చుకోలేదు’ అంటారు. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వింటారే తప్ప మాట్లాడరు. ఆ మౌనంలో వాళ్లు చేస్తున్న పని చాలా పెద్దది. దాన్ని పసిగట్టడానికి టీచర్లు ఒక చిన్న పరీక్ష పెడతారు. ‘ఎర్ర పెన్సిల్ తీసి పుస్తకం కింద పెట్టు’ అని కొత్త భాషలో చెబుతారు, చేత్తో ఏ సైగా చెయ్యరు. పక్కవాళ్లను చూడకుండా రెండు పనులూ వరసగా చేసిందంటే అర్థం చేసుకోవడం మొదలైనట్టే. తర్వాత విడి మాటలు వస్తాయి, ఆ పైన ‘నా వంతు’, ‘నాకూ కావాలి’ లాంటి మొత్తంగా పట్టేసిన చిన్న మాటలు, చివరికి సొంత వాక్యాలు. మీరు గమనించాల్సింది వేరే ఉంది. ఇంట్లో సొంత భాషలో కూడా మాట తగ్గినా, వెనకనుంచి పిలిస్తే పలకకపోయినా అది రెండు భాషల వల్ల వచ్చిన మౌనం కాదు. ఆలస్యం చెయ్యకుండా వినికిడి పరీక్ష చేయించాలి.

మాటలు కలిపి మాట్లాడటం మీద కూడా చాలా విమర్శ వస్తోంది. ‘అన్న బాల్ త్రో చేశాడు’ అని ఐదేళ్ల పిల్ల అంటే రెండు భాషలూ పాడైపోయాయని కంగారు పడతారు. ఆ వాక్యాన్ని కాస్త దగ్గరగా చూడండి. కర్త ముందు, కర్మ మధ్యలో, క్రియ చివర. బయటి క్రియను తెచ్చుకుని దానికి ‘చేయు’ తగిలించింది, భూతకాలం పెట్టింది, అన్నకు తగ్గట్టు ‘చేశాడు’ అంది. ఇది చక్కటి తెలుగు వ్యాకరణం. లేనివి ‘బంతి’, ‘విసరడం’ అనే రెండు మాటలే. ‘అలా కాదు’ అని ఆపేయకండి. ‘అవునా, అన్న బంతి విసిరాడా? ఎంత దూరం విసిరాడు?’ అని కబుర్లలో కలిపేస్తే సరిపోతుంది. పిల్లలకు ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి చూడాలి. ఒక్క భాషలోనే లెక్కపెడితే రెండు భాషల పిల్లలు చాలాసార్లు వెనకబడ్డట్టు కనిపిస్తారు.

ఏడాది తిరగకముందే పరీక్ష ఫలితాలు చూపించమని విలేకరులు అడుగుతున్నారు. రెండో భాషలో ఆటపాటల మాటలు ఒకటి రెండేళ్లలో వచ్చేస్తాయి గానీ, పాఠ్యపుస్తకాల భాషలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో ద్విభాషా విద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఎప్పుడో చూపించారు. చదవడంలోనూ రెండు లిపులూ ఒకే వేగంతో రావు. ఇంగ్లీషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయాలి. ఫిలిప్ సేమూర్ అనే పరిశోధకుడి బృందం 2003లో ప్రచురించిన పోలికలో, చాలా యూరప్ భాషల పిల్లలు ఒకటో తరగతి చివరికి తెలిసిన మాటల్ని 90 శాతానికి పైగా సరిగ్గా చదివితే, ఇంగ్లీషులో చదివే పిల్లలు 34 శాతం దగ్గర ఉన్నారు. తెలుగులో చూసింది చూసినట్టు చదవొచ్చు, కానీ గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. ‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’లో కలిసిపోతుంది, ఆ చిన్న సందు దగ్గరే పిల్లలు వారాల తరబడి తడబడతారు. వత్తులు ఇంకా తర్వాతి మాట.

ఇక కెమెరాల సంగతి. ఒకసారికి ఒక్క తరగతే, ఇరవై నిమిషాలకు మించకుండా, ఇద్దరికే అనుమతి. అదనపు లైట్లు వద్దు, ప్రత్యక్ష ప్రసారం అసలే వద్దు. ముందు రోజు వాళ్లు ఖాళీ చేతులతో వచ్చి తరగతిలో కాసేపు కూర్చోవాలి. కొత్త ముఖమూ కొత్త యంత్రమూ ఒకేసారి ఎదురైతే నాలుగైదేళ్ల పిల్లలు పని వదిలేసి కెమెరాకు నటించడం మొదలుపెడతారు, లేదా టీచరు వెనక దాక్కుంటారు. పిల్లల్ని ఇంటర్వ్యూ చెయ్యనివ్వం. ‘నీకు ఏ భాష ఇష్టం?’ అన్న ప్రశ్నకు ఆ వయసు పిల్లలు ఎదుటివాళ్ల ముఖం చూసి జవాబు చెబుతారు. ఏది చెప్పినా ఇంట్లోవాళ్లనో టీచర్నో నొప్పించామేమోనన్న బెంగ మాత్రం మనసులో ఉండిపోతుంది.

పిల్లల ఆంతరంగికతకు రక్షణ ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణంలో ఉంది. తమకు సంబంధించిన విషయంలో వాళ్ల మాట వినాలని 12వ అధికరణంలో ఉంది. మా పద్ధతి కూడా అదే. మీరు సంతకం పెట్టినా ఆ రోజు పిల్లలు వద్దంటే వద్దు. అంగీకారం లేని పిల్లల్ని వేరే గదికి పంపించం. అది వాళ్లకు శిక్షలా తోస్తుంది. ముందు రోజే తరగతి మొత్తానికి చోట్లు మార్చి, కెమెరాను గదిలో ఒక సగానికే తిప్పి స్టాండు బిగిస్తాం. ముఖం మసకబార్చితే చాలని టీవీవాళ్లు అంటారు. గొంతు, జడ, బ్యాగు చూసి తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అందుకే బల్లల మీది పేర్ల చీటీలు, పుట్టినరోజుల చార్టు, బస్సు నంబర్ల పట్టిక ముందే తీసేస్తాం, వీధి బోర్డు కనిపించే కిటికీకి తెర వేస్తాం.

గేటు దగ్గర మిమ్మల్ని అడిగితే మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇష్టం. మీ పిల్లల పేరు, తరగతి చెప్పకండి. ఇతరుల పిల్లల గురించి ఒక్క మాట కూడా వద్దు. తరగతి వాట్సాప్ గ్రూపులోని ఫొటోలు బయటికి పంపకండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి.

ఇంట్లో పద్యాలు, పాటలు బట్టీ పట్టించి తయారు చెయ్యకండి. అలా వచ్చిన పిల్లలు అవి తప్ప ఇంకేమీ మాట్లాడరు. ‘వాళ్లెందుకొచ్చారు?’ అని పిల్లలు అడిగితే ‘మీరు రెండు భాషల్లో ఎలా చదువుకుంటున్నారో చూడటానికి’ అంటే చాలు. వార్తల కింద జనం రాసిన వ్యాఖ్యలు పిల్లల ముందు చదవొద్దు. ఉన్నట్టుండి నలుగురిలో ఒక భాష మాట్లాడటం మానేసినా, బడి వేళకు కడుపునొప్పి అంటున్నా ఆ రోజే క్లాస్ టీచరుకు చెప్పండి.

ఈ ఉత్తరంతో పాటు అంగీకార పత్రం పంపుతున్నాం. ‘చేతులు, రాతపని మాత్రమే’, ‘ముఖం’, ‘గొంతు’ అని మూడు గళ్లు విడివిడిగా ఉన్నాయి. ఖాళీగా వదిలిన గడిని ‘వద్దు’ అనే తీసుకుంటాం. చేర్పించేటప్పుడు బడి ఫొటోలకు ఇచ్చిన అంగీకారం బయటి మీడియాకు చెల్లదు. తల్లిదండ్రులిద్దరూ సంతకం చెయ్యాలి; ఎక్కువ పత్రాలు తిప్పి పంపాల్సి వచ్చేది ఇక్కడే. ప్రసారానికి ముందు ఎప్పుడు మనసు మార్చుకున్నా ఆఫీసుకు ఫోన్ చెయ్యండి, ఆ దృశ్యం తీయించేస్తాం. ప్రసారమయ్యాక కాపీలు ఎక్కడికి వెళతాయో ఎవరి చేతిలోనూ ఉండదు, కాబట్టి ఏమాత్రం సందేహం ఉన్నా గడి ఖాళీగానే వదిలి శుక్రవారం లోపు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు