అడవి పక్కన ఉన్నాం, రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలి?

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నం, అడవివరం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. పెరట్లో ఒక పనస చెట్టుంది. కాయ పండే రోజుల్లో రాత్రిళ్లు పునుగు పిల్లులు వస్తాయి. రేకుల మీద చప్పుడైతే మా అత్తగారు "వచ్చేసింది" అని అటు తిరిగి పడుకుంటారు. వాటి వల్ల మాకెప్పుడూ ఇబ్బంది లేదు. పండ్లు తిని గింజల్ని కొండంతా చల్లేది అవే.

మొన్న వేసవిలో మావారు బి షిఫ్టు దిగి వస్తుంటే మా వీధి మలుపులో ఒకటి పడి ఉంది. ఏదో బండి గుద్దేసి వెళ్లిపోయింది. వెనక కాలు విరిగి వేలాడుతోంది. ముక్కు దగ్గర రక్తం గడ్డకట్టి, పొడుగాటి మీసాలు దానికి అంటుకుపోయాయి. దగ్గరికెళ్తే పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది. గోనెసంచి కప్పి, ఎలాగో అట్టపెట్టెలోకి ఎక్కించి ఇంటికి తెచ్చారు. చిన్నవాడు పులిపిల్ల అని ఒకటే గోల. కరిస్తే రేబిస్ అని నాకు టెన్షన్. పిల్లల్ని గదిలో పెట్టి తలుపు వేశాను.

అప్పటి నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకచోట ఎత్తలేదు. ఇంకోచోట కుక్కలు, ఆవులైతే చూస్తాం గానీ అడవి జంతువును ముట్టుకోలేమన్నారు. మరోచోట తెల్లారాక చేయమన్నారు. తెలిసిన పశువైద్యుడొకరు మాత్రం ఫోన్లోనే ఓపిగ్గా చెప్పారు: నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెట్టె మూసి చీకట్లో ఉంచండి, చుట్టూ జనం చేరితే ఆ భయానికే ప్రాణం పోవచ్చు. ఆ రాత్రి దానికి అందిన వైద్యం ఆ మాటలే. తెల్లారి అటవీ సిబ్బంది ఒకరు బైక్ మీద వచ్చేసరికి చనిపోయింది. ఆయన్ని నేను తప్పుపట్టను. కబురందగానే వచ్చారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ మీకు తెలిసిందే. అలాంటి ప్రాణి చేతికొస్తే 48 గంటల్లోగా పోలీసులకో, అటవీ అధికారులకో తెలపాలి, వాళ్లడిగితే అప్పగించాలి. మంచి నిబంధన. కానీ రాత్రి పూట ఎవరికి అప్పగించాలో తెలియకపోతే, కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని జనం చూసీ చూడనట్టు వెళ్లిపోతారు. "ఎందుకమ్మా ఈ తలనొప్పి, అక్కడే వదిలేయండి" అని మా వీధిలో ఒకాయన అన్నారు. చెడ్డమనిషి కాదు, ఆయన భయం ఆయనది.

సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం మా నగరాన్ని ఆనుకునే ఉంది. ఒక వైపు జాతీయ రహదారి, ఇంకో వైపు అడవివరం నుంచి హనుమంతవాక వెళ్లే రోడ్డు. రాత్రి రోడ్డు ఖాళీ కదా అని బండ్లు దూసుకుపోతాయి. జంతువులు తిరిగేదీ ఆ వేళలోనే. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ పులుల అడవి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువులు దాటడానికి దారులు వదిలారు. మాకు అంత పెద్దవి వెంటనే కావాలని అడగను. అడవి పక్కన ఉన్నంత మేర స్పీడ్ బ్రేకర్లు, హెచ్చరిక బోర్డులు వేయించండి.

ఇందిరా గాంధీ జూ 1977 నుంచీ ఇక్కడే ఉంది, అక్కడ పశువైద్యులున్నారు. జూ జంతువులకు రోగాలు అంటకుండా విడిగా ఒక గది కేటాయించి, రాత్రి డ్యూటీకి ఒక డాక్టరును, బోనున్న ఒక వ్యానును పెట్టించండి. అందరికీ గుర్తుండే ఒకే ఫోన్ నంబరు ఇవ్వండి. 112కి చేసినా నేరుగా వాళ్లకే కలపాలి. ఆ నంబరు బస్టాపుల్లో, కొండ చుట్టూ ఉన్న ప్రతి కాలనీలో రాయించాలి.

గదికి, వ్యానుకు నిధులు కావాలి, టైమ్ పడుతుందని అర్థం చేసుకోగలను. ఫోన్ నంబరుకు ఒక ఉత్తర్వు చాలు. ముందు అది ఈ నెలలోనే ఇప్పించండి.

భవదీయురాలు,
అడవివరం నుంచి ఒక గృహిణి